నోరుమూసే పిన్ను

మధురానగర్‌లో మా లేడీస్ హాస్టల్ కింది వాటాలో వార్డెన్ ఆంటీ, అంకుల్ ఉండేవాళ్లు. అంకుల్‌కి పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. తెల్లారాక వచ్చి పగలంతా పడుకునేవారు. అందుకని పగటిపూట పై గదుల్లో చప్పుడు వినబడకూడదు. బకెట్ కాస్త గట్టిగా దించినా ఆంటీ మెట్లెక్కి వచ్చేది.

మా గదిలో ముగ్గురికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్. పాటలు వింటూ ఎవరో ఒకరు మర్చిపోయి ఇయర్‌ఫోన్స్ వైరు లాగేసేవాళ్లు, స్పీకర్లు గొంతెత్తేవి, ఆంటీ వచ్చి చీవాట్లు పెట్టేది. విసుగొచ్చి ఒక ఉపాయం కనిపెట్టాం. పాడైపోయిన ఇయర్‌ఫోన్స్ వైరు కత్తిరించి, ఆ పిన్ను మాత్రం సాకెట్లో దూర్చి ఉంచేవాళ్లం. ఇయర్‌ఫోన్స్ పెట్టారనుకుని ల్యాప్‌టాప్ తన స్పీకర్లు ఆపేసుకునేది. దానికి నోరుమూసే పిన్ను అని పేరు పెట్టుకుని మా తెలివికి మేమే మురిసిపోయాం.

అమీర్‌పేటలో నా కోర్సు, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్, అయిపోయి నెలలు గడిచినా ఒక్క కంపెనీ పిలవలేదు. గుంటూరు నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడల్లా, "ఇక చాలమ్మా, వచ్చేసి బీఎడ్‌లో చేరు" అనేవాడు. ఆ నెలాఖరు దాకా ఆగమని బతిమాలుకున్నాను. ఆఖరికి బెంగళూరు కంపెనీ ఒకటి, మధ్యాహ్నం మూడింటికి కంప్యూటర్లోనే ఇంటర్వ్యూ చేస్తామంది. ఇది పోతే నాకు బీఎడ్డే గతి.

ఆ రోజు పొద్దున ఒకసారి సరిచూసుకుందామని నోరుమూసే పిన్ను లాగేసి పాట పెట్టాను. చప్పుడు లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టబోతే సగంలోనే ఆగిపోయాయి. హాస్టల్ నిండా సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నవాళ్లే, తలా ఒక వైద్యం చెప్పారు. సౌండ్ నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. ఆపి ఆన్ చేశాను. తెర మీద కనిపించిన వాల్యూమ్ గీతలన్నీ పైదాకా లాగాను. దిక్కుమాలిన పెట్టె, కుయ్ అనలేదు.

ఆటో ఎక్కి పంజాగుట్టలో రిపేరు షాపుకి పరిగెత్తాను. షాపు భాయ్ అటూ ఇటూ తిప్పి చూసి, "బోర్డు ఇప్పి చూడాలె అక్కా. పెట్టిపోండ్రి, రేపు సాయంత్రం రాండ్రి. ఫికర్ చేయకండ్రి" అన్నాడు. రేపు సాయంత్రానికి బాగైతే నేనేం చేసుకోను? ల్యాప్‌టాప్ లాక్కున్నట్టే తీసుకుని మళ్లీ ఆటో ఎక్కాను.

చౌరస్తాలో ఆటో కదలడం లేదు. ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి ఊరికే అన్నీ నొక్కుతున్నాను. ఒకచోట ఇయర్‌ఫోన్స్ బొమ్మ వెలుగుతోంది. ఏమీ పెట్టకుండా ఇయర్‌ఫోన్స్ ఎక్కడివి? అప్పుడు తట్టింది. బ్యాగులో పడేసిన పిన్ను తీసి చూస్తే దానికి కొస లేదు. సాకెట్ లోపలే విరిగి ఉండిపోయింది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

హాస్టల్‌కి రాగానే ల్యాప్‌టాప్ ఆపేసి, అయిపోయిన పెన్ను రీఫిల్ చివర మెత్తబడేదాకా అగ్గిపుల్లతో వేడి చేసి సాకెట్లో గుచ్చాను. చల్లారేదాకా వేలు కదపలేదు. మెల్లగా లాగితే బియ్యపు గింజంత ముక్క అంటుకుని వచ్చింది. ఆన్ చేసేసరికి మూడు కావస్తోంది. కూర్చున్నానో లేదో కాల్ వచ్చేసింది.

ఎత్తగానే ఇంటర్వ్యూ చేసే ఆయన గొంతు గది దాటి, వరండా దాటి, కింద గేటు దాకా మోగింది. పొద్దున గీతలన్నీ పైకి లాగింది నేనే కదా. తగ్గిద్దామంటే, ముట్టుకుంటే మళ్లీ పోతుందేమోనని భయం. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆంటీ. ఇక అయిపోయింది అనుకున్నాను. చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"మీరు పట్టుకున్న ఒక డిఫెక్ట్ చెప్పండి" అని ఇంగ్లిష్‌లో అడిగాడాయన. దీనికి జవాబు ఇన్‌స్టిట్యూట్లో అందరిచేతా బట్టీ పట్టించారు, బ్యాంకు ప్రాజెక్టులో వడ్డీ తప్పు పడటం. కంగారులో అందులో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఏదైతే అదయిందని పిన్ను కథే చెప్పాను. ఏం జరగాలి, ఏం జరిగింది, ఎందుకు అలా అయింది, అన్నీ వరసగా. అటువైపు ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు కూడా గేటు దాకా వినిపించే ఉంటుంది.

కాల్ అయ్యాక భయపడుతూ తలుపు తీశాను. పై మెట్టు మీద ఆంటీ, పక్కనే లుంగీతో, ఎర్రబడ్డ కళ్లతో అంకుల్. ఇద్దరి చేతుల్లో టీ గ్లాసులు.

"లేపేశాను, సారీ అంకుల్" అన్నాను.

"గా ముచ్చట ఇడిచిపెట్టు. నౌకరి ఇచ్చిండా?" అంది ఆంటీ.

"ఇంకా లేదాంటీ. రెండో రౌండ్‌కి పిలుస్తామన్నారు."

అంకుల్ గ్లాసు కింద పెట్టి ఆవులించారు. "ఎప్పుడున్నదో జర ముందుగాల చెప్పమ్మా" అన్నారు. "డ్యూటీ మార్పిచ్చుకుంట."