నేను దాచుకున్న సగం ఊపిరి

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా సరి కాదేమో. దాని బరువు మోసింది మా ఆయన. నేను దాన్ని ఆయన వీపు మీద పెట్టి పక్కన నడిచాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కూతురికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నగరి. ఆయన మరమగ్గాలు నడుపుతాడు. నేను అంగన్‌వాడీలో పనిచేసి రిటైరయ్యాను. మీసాలు రాని వయసు నుంచీ ఆయనకు బీడీ అలవాటు. మగ్గం స్విచ్చి వేసే ముందు ఒకటి, ఆపాక ఒకటి, మధ్యలో ఎన్నో. మగ్గాలూ వంటా పడకా అన్నీ ఒకే కప్పు కింద. ఆ వాసన నా చీరల్లో ఉండేది, చద్దన్నంలో కూడా ఉన్నట్టే అనిపించేది. బతిమాలాను. అలిగాను. దేవుడి మీద ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు వేసిన సాయంత్రమే ఇంటి వెనక పొగ లేచింది.

ఆయన అన్న కూడా నేతగాడే, ఆయనకూ బీడీ అలవాటే. చివరి రోజుల్లో పడుకోలేక దిండ్లకు ఆనుకుని కూర్చుని, ఒక్కొక్క ఊపిరీ ఎవరినో అడుక్కుంటున్నట్టు తీసుకుంటూ పోయాడు. దహనం చేసి వచ్చి, స్నానం చేసి, తల తుడుచుకోకుండానే మా ఆయన బీడీ వెలిగించాడు. అది చూశాక నాలో ఏదో గట్టిపడింది.

ఆ ఏడాది నాకు దగ్గు పట్టుకుని వదల్లేదు. అప్పుడు నాకు అరవై. తిరుపతిలో ఒక ఆసుపత్రికి వెళితే ఊపిరి పరీక్ష చేయించుకోమన్నారు. ముక్కుకు క్లిప్పు పెడతారు. గుండెల నిండా గాలి పీల్చుకుని, గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా ఊదాలి. లోపల ఖాళీ అయ్యేదాకా ఆపకూడదు. ఎదురుగా తెర మీద గీత లేస్తుంది. పరీక్ష చేసే పిల్లది సత్యవేడు వైపు. గొట్టం మారుస్తూ మాటవరసకు అడిగింది.

"ఇంట్లో బీడీ తాగేవాళ్ళు ఉండారామ్మా? ఇది తక్కువొస్తే డాక్టరమ్మ వాళ్ళకి మానేయమని గట్టిగా సెప్తాది."

ఆ మాట నా చెవిలో పడింది. నేను ఊదాను. సగమే ఊదాను. మిగతా సగం లోపలే బిగబట్టుకున్నాను.

"పూర్తిగా ఊదమ్మా, గీత నడిమధ్యలో పడిపోతా ఉండాది" అంది ఆ పిల్ల. మళ్ళీ ఊదాను, మళ్ళీ దాచుకున్నాను. ఇంకోసారి కూడా అంతే.

డాక్టరమ్మ మంచి మనిషి. తొందరపడలేదు. పెద్ద వయసులో చాలామంది ఈ పరీక్షలో పూర్తిగా ఊదలేరని, నా ఊపిరి ఒక్కోసారి ఒక్కోరకంగా వచ్చింది కాబట్టి ఈ అంకెల్ని చూసి జబ్బని చెప్పకూడదని అన్నారు. దగ్గుకు మందు రాసి, నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. అంతే. ఆమె ఇంకేమీ చెప్పలేదు.

మా ఆయన ఆ గదిలో లేడు. గేటు బయట టీ అంగడి దగ్గర బీడీ తాగుతున్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"ఏమనింది డాక్టరమ్మ?"

"ఊపిరితిత్తులు సగం పోయినాయంట."

"నువ్వు యానాడూ తాగలేదే. ఎట్ల పోతాయి?"

"నీ పొగ పీల్సే, మామా."

ఆయన వేళ్ళ మధ్య బీడీని చూసుకున్నాడు. చెప్పు కింద వేసి నలిపాడు. జేబులోని కట్ట తీసి అంగడి బల్ల మీద వదిలేశాడు. బస్సు పుత్తూరు చేరింది. అప్పుడు అన్నాడు, "ముందే సెప్పుండకూడదా మే?" ముప్పై ఏళ్ళుగా చెబుతున్నదాన్ని నేను. ఆ మాటకు నాకు నవ్వు రావాలి. రాలేదు.

ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆయన బీడీ ముట్టలేదు. మొదటి వారాల్లో చేతులు వణికి తెగిన పోగు ముడి వేయలేకపోయేవాడు. లవంగాలు నమిలి నమిలి నోరు పుండు చేసుకున్నాడు. అయినా ముట్టలేదు. నేను గెలిచాను. ఇన్నేళ్ళ బతిమాలడం చేయలేనిది ఒక్క అబద్ధంతో చేశాను. లోలోపల ఎంత గర్వపడ్డానో ఎలా చెప్పను?

కానీ ఆ గెలుపుకు ధర ఎవరు కట్టారు? నేను దగ్గితే చాలు, మగ్గం ఆపేసేవాడు. అంత మోత ఒక్కసారిగా ఆగిపోయి, ఆ నిశ్శబ్దంలో ఆయన చెవి నా వైపు తిప్పి నిలబడేవాడు. నీళ్ళ బిందె ఎత్తనిచ్చేవాడు కాదు. నలుగురిలో కూర్చోవడం మానేశాడు. రేణిగుంటలో గోడౌన్‌లో పనిచేసే మా అమ్మాయి వచ్చినప్పుడు దానితో, "మీయమ్మని నేనే సంపుకుంటా ఉండాను" అన్నాడట. అది నాతో చెప్పి ఏడ్చింది. అప్పుడైనా నిజం చెప్పవచ్చు కదా? చెబితే మళ్ళీ వెలిగిస్తాడని భయం. అది మొదటి ఏడాది భయం. తర్వాత ఏళ్ళకు ఆ సాకు కూడా లేదు. ఆయన తల వంచుకుని తిరుగుతుంటే, ఇన్నాళ్ళూ నా మాట లెక్కచేయనందుకు ఇదీ శిక్ష అని నాలో ఒక మూల సంతోషించిందేమో. ప్రేమతోనే చేశానని చెప్పుకుంటాను. అంతా ప్రేమేనా? కాదు.

నెల తర్వాత రమ్మన్న పరీక్షకు వెళ్ళలేదు. అవసరం లేదన్నారని ఇంకో అబద్ధం చెప్పాను.

ఈ మధ్య ఆయనకు జలుబు తగ్గక, అమ్మాయి బలవంతం మీద అదే ఆసుపత్రికి వెళ్ళాం. ఈసారి పరీక్ష ఆయనకు. ముఖం ఎర్రబడేదాకా ఊదాడు. అంకెలు చూసి, "వయసులో ఉన్నవాళ్ళకైతే ఇంతకంటే ఎక్కువ ఉంటుంది" అన్నారు అదే డాక్టరమ్మ. ఆయన ముఖం పాలిపోయింది. ఆమె వెంటనే సర్దిచెప్పారు. వయసు పెరిగేకొద్దీ ఊపిరి కొంత తగ్గడం మామూలేనట. డెబ్బై దాటినవాళ్ళని వాళ్ళ ఈడువాళ్ళతోనే పోల్చి చూడాలట. అలా చూస్తే ఆయన ఊపిరి ఉండవలసినట్టే ఉందట. "బీడీ మానడం మీకు ఎంతో మేలు చేసింది పెద్దాయనా" అన్నారు.

నా కళ్ళు తడిశాయి. వాళ్ళన్నకు అందని ఊపిరి ఈయనకు దక్కింది.

ఆయన మాత్రం ఆ మాట విననే లేదు. "నాది ఇడిసిపెట్టమ్మా. మా ఇంటామెకి సెయ్యండి, నా పొగతో ఆమె ఊపిరితిత్తులు సగం పోయినాయి" అన్నాడు.

గొట్టం నోట్లో పెట్టుకున్నాను. ఆయన గుమ్మం దగ్గర సంచి పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. మళ్ళీ దాచుకుంటే ఆయన తల మళ్ళీ వంగుతుంది. మొత్తం ఊదితే నా గుట్టు బయటపడవచ్చు. పడితే పడనీ అనుకున్నాను. ఊదాను. అడుగున మిగిలిన ఆఖరి గాలి కూడా పోయేదాకా ఊదాను. గీత నిటారుగా లేచింది. మూడుసార్లూ అలాగే లేచింది.

"మీ వయసుకు చాలా బాగుంది" అన్నారు డాక్టరమ్మ, నా పాత కాగితం పక్కన పెట్టి చూస్తూ. "పొగతో పాడైన ఊపిరితిత్తులు ఇలా తిరిగి రావు. అప్పటి పరీక్షలో మీరు సరిగ్గా ఊది..."

"నేను మానేసినాను కదమ్మా, అందుకే" అని అడ్డుపడ్డాడు మా ఆయన. ఆయన గొంతులో అంత బలం నేను విని ఎన్నేళ్ళయిందో. డాక్టరమ్మ నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆమె ఆ మాట అక్కడితో వదిలేసి, కాగితం మడిచి నా చేతికిచ్చారు.

తిరుగు బస్సులో ఆయన కండక్టరుకు చెప్పాడు, ముందు సీటువాళ్ళకు చెప్పాడు. నగరిలో దిగి వీధి వీధంతా చెప్పాడు. "నేను బీడీ మానితే మా ఆమెకు ఊపిరి తిరిగొచ్చినాది" అని. మెడ ఎత్తుకుని నడుస్తున్నాడు. మగ్గం మోతలో పాడుతున్నాడు. పక్కింటి నేతగాళ్ళిద్దరు బీడీలు మానేశారు. నిన్న మూడో అతను వచ్చి, ఇదంతా నిజమేనా అని అడిగాడు.

"మా ఆమెనే అడుగు అబ్బా" అన్నాడు ఆయన.

అతను నా వైపు తిరిగాడు. "నిజమేనప్పా" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆయన మళ్ళీ ఎత్తుకున్న తలను నేనెలా దించను? చెప్పకపోతే తప్పని తెలుసు. చెప్పలేననీ తెలుసు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ పని మీది కాదు. ఒక్కచోటైనా నిజం ఉండాలని రాస్తున్నాను. నా ఊపిరితిత్తులు ఏనాడూ చెడిపోలేదు. మా ఆయన నాకు ఏ హానీ చేయలేదు.