చింతగింజంత గడ్డ

రెండేళ్ల క్రితం సంగతి. మాది అంతర్వేది దగ్గర చేపలు పట్టుకుని బతికే ఊరు. ఒక మధ్యాహ్నం నేను చేపలు ఎండబెడుతుంటే మా హెల్త్ సెంటరుకి కొత్తగా వచ్చిన నర్సమ్మ, "రొమ్ములు ఎలా పరీక్ష చేసుకోవాలో చెబుతానండి, లోపలికి రండి" అంది. ఆమె చేతిలో ఫోను చూసేసరికి నాకు అనుమానం వచ్చింది. ఫొటోలు తీస్తుందా? కమీషను కోసం ఏ ఆసుపత్రికైనా మనుషుల్ని పట్టిస్తోందా?

"ఏంటండీ ఈ సిగ్గుమాలిన మాటలు? నాకే నొప్పీ లేదు" అని వీధంతా వినేలా అరిచాను.

"గడ్డ ఉన్నా నొప్పి ఉండకపోవచ్చండి. నెలకోసారి మీరే తడిమి చూసుకోండి" అని తన చీర మీదే వేళ్లు గుండ్రంగా తిప్పి చూపించి వెళ్లిపోయింది.

మర్నాడు స్నానం చేస్తూ, ఆవిడ చెప్పింది అబద్ధమని తేల్చుకుందామనే చెయ్యి వేశాను. ఎడమవైపు చింతగింజంత గడ్డ గట్టిగా తగిలింది. కుడివైపు కూడా అలాగే ఉంటే మామూలేనని సరిపెట్టుకోవచ్చని వెతికాను. లేదు.

తడి జుట్టుతోనే హెల్త్ సెంటరుకి పరుగెత్తాను. నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టేసుకున్నాను. పక్కనే మందుల కోసం ఇద్దరు మగాళ్లు కూర్చున్నారని తర్వాత గానీ చూడలేదు.

రాజమండ్రిలో పరీక్ష చేసి క్యాన్సరే అన్నారు. తొందరగా బయటపడింది కాబట్టి ఆపరేషనుతో, మందులతో కోలుకున్నాను. అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అనుమానంతోనైనా చెయ్యి వేశాను, అదే నయం.

మా ఆడబడుచు మాత్రం, "నువ్వు వెతక్కపోతే అది వచ్చేదే కాదు వదినా" అంటుంది. మొన్న మెల్లగా పక్కన చేరి, "ఎలా చూసుకోవాలో నాకూ చెప్పు" అని అడిగింది.