రాట్నం కూర్మయ్య

నెల్లిమర్ల దగ్గర ఒక చిన్న ఊళ్ళో కూర్మయ్య ఇల్లెక్కడని అడిగితే ఏ కూర్మయ్య అని ఎదురడుగుతారు. రాట్నం కూర్మయ్య అంటే మాత్రం పిల్లలు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి గుమ్మంలో దింపుతారు. చేత్తో తిప్పే రంగులరాట్నం పెట్టుకుని చిన్నప్పటినుంచీ ఊళ్ళు తిరిగిన మనిషి ఆయన. ఎక్కడ అమ్మవారి సంబరమైతే అక్కడ, ఎక్కడ తీర్థమైతే అక్కడ, ఏ జాతరనూ వదలడు. ఒకప్పుడు ఎడ్లబండి మీద వేసుకుని వెళ్ళేవాడు, ఇప్పుడు ట్రాలీ ఆటోలో.

నిట్టనిలువుగా ఒక ఇనప స్తంభం, దానికి నాలుగు చేతులు, వాటికి వేలాడుతూ నాలుగు చెక్క బొమ్మలు: గుర్రం, ఏనుగు, నెమలి, సింహం. సింహాన్ని చెక్కిన వడ్రంగి అంతకుముందెప్పుడూ సింహాన్ని చెక్కలేదట. ఏ ఊరికి వెళ్ళినా పిల్లలు దాన్ని పిల్లి అనేవారు. "సింవ్వం రా అది, జూలు సూడు" అని కూర్మయ్య కొన్నేళ్ళు వాదించాడు. తర్వాత తనే "రండి, రండి, పిల్లెక్కండి" అని కేకలు పెట్టడం మొదలుపెట్టాడు.

మనిషి పొట్టి. గొంతు మాత్రం సంబరంలో మైకును మించి వినిపిస్తుంది. డబ్బుల్లేని పిల్లలు దూరంగా నిలబడి చూస్తూ ఉంటే ఆయన ఊరుకోలేడు. "ఒరే, గుర్రం బరువు సాలక ఊగిపోతన్నాది. ఒకడొచ్చి కూకోండ్రా, పుణ్యముంటాది" అని పిలుస్తాడు. ఆయన భార్య తవిటమ్మ పక్కన పీట వేసుకుని బూరలు అమ్ముతుంది. "నీ గుర్రానికి ఏ ఊళ్ళోనూ బరువు సాలదు" అని గొణుగుతుంది గాని, ఎప్పుడూ అడ్డం చెప్పలేదు.

ఐదేళ్ళ కిందట నరసన్నపేట అవతల తెల్లగెడ్డవలస అనే ఊళ్ళో అమ్మవారి సంబరానికి ఇద్దరూ వెళ్ళారు. వరి పండించుకునే చిన్న ఊరు. అక్కడ పృథ్వీరాజ్ అని ఆరేళ్ళవాడు నెమలి మీదెక్కి దిగనన్నాడు. తల్లి అనూరాధ చేతిలో ఉన్న చిల్లర అయిపోయింది. "దిగరా" అని ఆమె, దిగనని వాడు. కూర్మయ్య నవ్వి, "ఉండనీయమ్మా, నెమలికి బరువు సాలట్లేదు" అని ఇంకో రెండు సార్లు తిప్పాడు. వాడు కిలకిలమంటుంటే అనూరాధ ఫోనులో వీడియో తీసింది. చీకటి పడకముందే కొడుకును చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. కూర్మయ్య రాట్నం విప్పుకుని మరో ఊరి సంబరానికి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఒకరోజు పృథ్వీరాజ్ బడి నుంచి ఇంటికి రాలేదు. ఊరంతా వెతికారు. మర్నాడు పొద్దున్న ఊరి చివర సరుగుడు తోటలో దొరికాడు. ఎవరో గొంతు నులిమి చంపేశారు.

ఎందుకు చంపారో, ఎవరు చంపారో ఆనాడు తెలియలేదు. ఈనాటికీ తెలియదు. అంత చిన్న ఊళ్ళో, ఒకరి పెళ్ళికి ఒకరు వంట చేసుకునే మనుషుల మధ్య, ఆ పని చేసినవాడు మనలోనే ఉన్నాడేమో అనుకోవడం ఎవరివల్లా కాలేదు. పైఊరి నుంచి వచ్చినవాడే చేసి ఉంటాడనుకుంటే కొంత ఊపిరి ఆడుతుంది. ఆ వీడియో బయటికి వచ్చింది. అందులో రాట్నం తిప్పుతూ నవ్వుతున్న మనిషి ఉన్నాడు. "డబ్బులు తీసుకోకుండా ఊరికే ఎందుకు ఎక్కించినాడు?" అని మొదట అడిగింది పిల్లవాడి నాయనమ్మ జగ్గమ్మ. ఆ ప్రశ్నతో సహా వీడియో వాట్సాప్‌లో జిల్లా అంతా తిరిగింది.

పోలీసులు కూర్మయ్యను ఆ మరో ఊరి సంబరం మధ్యలోంచే తీసుకుపోయారు. పిల్లవాడు కనపడకుండా పోయిన రోజంతా ఆయన తమ కళ్ళముందే రాట్నం తిప్పుతున్నాడని ఆ ఊరివాళ్ళు వచ్చి చెప్పారు. కొన్నాళ్ళకు వదిలిపెట్టారు. ఇంటికి వచ్చేటప్పటికి కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. అంతకంటే కష్టం తర్వాత వచ్చింది. ఏ తీర్థంలో రాట్నం దింపినా ఎవరో ఒకరు ఫోను తీసి పోల్చి చూసేవారు. తల్లులు పిల్లలను చంకనేసుకుని అవతలికి పోయేవారు. రెండు మూడు చోట్ల అలా అయ్యాక కూర్మయ్య రాట్నాన్ని పెరట్లో దింపి టార్పాలిన్ కప్పేశాడు. ఇటుకల బట్టీలో పనికి కుదిరాడు.

తవిటమ్మ కోళ్ళకు మాత్రం మంచి రోజులు వచ్చాయి. అవి టార్పాలిన్ కిందికి దూరి ఏనుగు మీద పడుకునేవి, సింహం కాళ్ళ సందున గుడ్లు పెట్టేవి. గుర్రానికీ స్తంభానికీ తాడు కట్టి ఆమె బట్టలారేసేది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

అలా మూడేళ్ళు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు మోటారు సైకిలు ఆగింది. దిగినవాళ్ళను తవిటమ్మ చూడగానే పోల్చుకుంది. అనూరాధ, ఆమె భర్త వినోద్, చంకలో రెండేళ్ళు దాటిన ఆడపిల్ల.

తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇంకా ఏటి కావాలమ్మా మీకు? మా ఆయన ఏటీ సెయ్యనేదు. పోలీసోళ్ళే సెప్పీసినారు కదా."

"తెలుసు అత్తా. తెలిసే వొచ్చినాను" అంది అనూరాధ.

కూర్మయ్య లోపలినుంచి వచ్చాడు గాని తలెత్తలేదు. అనూరాధ అరుగు మీద కూర్చుంది, ఎవరూ కూర్చోమనకుండానే.

"ఆ ఈడియో తీసింది నేనే, మావా. ఊరూరా పంపినోళ్ళు మావోళ్ళు. అప్పుడు నాకు ఒంటిమీద తెలివి నేదు. నన్నెవులూ అడగనేదు. అడిగితే సెప్పుదును కదా, మా గుంటడు ఆ సాయంత్రం నా సెయ్యట్టుకుని ఇంటికొచ్చీసినాడని, మర్నాడు బడికెల్లినాడని." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆడు నవ్వినది నా దగ్గర అదొక్కటే ఉన్నాది. రోజూ సూస్తన్నాను. ఆ నవ్వు తెప్పించినోడివి నువ్వు. నీకు ఇలాగయిపోనాదని తెలిసినకాడినుంచి నాకు ముద్ద దిగట్లేదు."

ఈలోగా చంటిది తల్లి ఒళ్ళోంచి జారి కోళ్ళ వెంట పెరట్లోకి పరుగెత్తింది. కోడి టార్పాలిన్ కిందికి దూరితే పిల్ల కూడా దూరింది. లోపలినుంచి కేక వినబడింది.

"అమ్మా! పిల్లి! పేద్ద పిల్లి!"

కూర్మయ్య నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వాడు. "ఓలమ్మో, దీనిక్కూడా పిల్లే!" అన్నాడు. తవిటమ్మ ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో, గుమ్మం వదిలి లోపలికి పోయి అందరికీ టీ పెట్టింది.

అరుణశ్రీ అట ఆ పిల్ల పేరు. వచ్చే నెల మా ఊళ్ళో సంబరం, రాట్నం తీసుకురావాలి అంది అనూరాధ.

"ఆ ఊరు నాను రాలేను తల్లీ."

"నీ ఇంటికి నాను రానేదేటి? నువ్వూ అలాగే రా."

వినోద్ లేచి వెళ్ళి టార్పాలిన్ తీసి, బొమ్మలను తడిమి చూశాడు. అతను ఇళ్ళకు రంగులు వేసే పనివాడు. "రంగంతా ఊడిపోనాది. నాను ఏస్తాను" అన్నాడు.

అన్నట్టే ఆ నెలలో వచ్చిన ప్రతి ఆదివారం డబ్బాలు పట్టుకుని దిగాడు. అన్నీ ఇళ్ళకు వెయ్యగా మిగిలిన రంగులు. ఏనుగు నరసన్నపేటలో ఎవరిదో వరండా రంగులో, లేత ఆకుపచ్చగా తయారైంది. గుర్రానికి గులాబీ రంగు వచ్చింది. నెమలి దగ్గర మాత్రం వినోద్ చాలాసేపు కూర్చుండిపోయాడు. ఆ పూట దానికి వెయ్యలేక, మరో ఆదివారం కొత్త నీలం రంగు కొని తెచ్చి వేశాడు. ఆ పని జరుగుతున్నప్పుడు ఇద్దరు మగవాళ్ళూ ఏం మాట్లాడుకున్నారని తవిటమ్మను అడిగితే, "ఏటీ నేదు. కోళ్ళు తొక్కకుండా కాపలా కాసుకున్నారు" అంటుంది.

సంబరం రోజు తెల్లగెడ్డవలసలో ట్రాలీ ఆటో దిగేసరికి మనుషులు చోటిచ్చి పక్కకు తప్పుకున్నారు. ఎవరూ దగ్గరికి రాలేదు. కూర్మయ్య నోట కేక పుట్టలేదు. అనూరాధ గుంపులోంచి నడిచి వచ్చి అరుణశ్రీని సింహం మీద కూర్చోబెట్టి, తను పక్కనే నిలబడింది.

"తిప్పు మావా."

ఆయన ఎడమ చేత్తో నెట్టాడు. రాట్నం కిర్రుమని కదిలింది. పిల్ల మొదట బెదిరి తల్లి జాకెట్ పట్టుకుంది, మరుక్షణం రెండు చేతులూ వదిలేసి కేరింతలు కొట్టింది. మిగతా పిల్లలు తల్లుల చేతులు గుంజుతున్నారు. తల్లులు వదలడం లేదు.

అప్పుడు జగ్గమ్మ వచ్చింది. కూర్మయ్యను పోలీసు స్టేషన్ గుమ్మం దగ్గర మన్ను పోసి తిట్టిన మనిషి. మనిషి భారీ విగ్రహం. ఆమెను చూసి కూర్మయ్య రాట్నం ఆపేసి వెనక్కి జరిగాడు. జగ్గమ్మ ఆయన మొహంలోకి చూడకుండా తిన్నగా ఏనుగు దగ్గరికి వెళ్ళి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, దానిమీదికి ఎక్కి కూర్చుంది. రాట్నం ఒక పక్కకు ఒరిగి మూలిగింది. తప్పయిందనే మాట జగ్గమ్మ తన జన్మలో ఎవరితోనూ అని ఉండదు.

"ఏటలా సూస్తన్నావు? తిప్పు" అంది.

"అత్తా, ఏనుగు నలిగిపోతాది!" అని గుంపులోంచి ఎవరో అన్నారు. ఊరంతా గొల్లుమంది. కూర్మయ్యకు ఒక్క చేత్తో ఆ బరువు కదల్లేదు. వినోద్ వచ్చి భుజం పెట్టాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. నలుగురు మగవాళ్ళు నెడుతుంటే జగ్గమ్మ ఆకుపచ్చ ఏనుగు మీద "మెల్లిగరా, సచ్చిపోతాను!" అని అరుస్తూ, నవ్వుతూ, ఏడుస్తూ తిరిగింది. దిగేసరికి పిల్లలు తల్లులను వదిలించుకుని వచ్చేశారు. గులాబీ గుర్రం కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. నెమలి ఎక్కడానికి ముందు ఒక పిల్లవాడు అనూరాధ వంక చూశాడు. ఆమె తలూపింది. కూర్మయ్య కేక అప్పుడు లేచింది, అవతలి వీధిలో డప్పులు కొట్టేవాళ్ళు ఆగి చూసేంతగా.

ఇది జరిగి రెండేళ్ళయింది. హంతకుడు దొరకలేదు. కొత్త అధికారి వచ్చినప్పుడల్లా అనూరాధను పిలిచి మళ్ళీ మొదటినుంచి అడుగుతారు. ఆమె వెళ్ళి చెప్పి వస్తుంది. ఊళ్ళో పిల్లలను ఇప్పటికీ ఒంటరిగా బడికి పంపరు. తమ పిల్లలను రాట్నం ఎక్కనివ్వని ఇళ్ళు ఇంకా రెండు మూడు ఉన్నాయి. కూర్మయ్య వాళ్ళనేమీ అనడు. "భయముంటాది కదా" అంటాడు.

ఆయనకు ఇప్పుడు తీరిక లేదు. మొన్న శివరాత్రికి రామతీర్థంలో రాట్నం దగ్గర పిల్లలు బారులు తీరారు. జగ్గమ్మ బూరల పీట దగ్గర తవిటమ్మ పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు రాట్నం గొప్పలు చెప్పింది. ఇప్పుడు కొత్త గొడవ ఒకటి నడుస్తోంది. అరుణశ్రీకి విమానం కావాలట. వినోద్ రేకుతో విమానం చేసి తెచ్చాడు, రెక్కలూ తోకా అన్నీ ఉన్నాయి. గుర్రాన్ని దింపి దాన్ని తగిలించేసరికి ఆ పక్క బరువెక్కి రాట్నం ఒరిగిపోయింది. ఎదురుగా ఇంకో విమానం ఉంటే గాని నిలవదు. అంటే గుర్రానికి ఎదురుగా ఉన్న సింహమూ దిగాలి.

"సింవ్వాన్ని తీసెయ్యి. దాన్ని సూసి ఎవులూ సింవ్వమనలేదు కదా" అంటుంది తవిటమ్మ.

"నోర్ముయ్యే. దాన్ని తీస్తే ఆ గుంట ఊరుకుంటాదేటి?" అని కూర్మయ్య, విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ, వినోద్‌కి ఫోను చేశాడు. "ఒరే అల్లుడా, రేకు మిగిలినాదా? ఇంకో రెండు సేతులు పెట్టీసి, ఆరు బొమ్మల రాట్నం సేసీద్దుం. ఆదివారం బేగి వొచ్చీ."