తాలు

సింధనూరు రైస్ మిల్లుకి వడ్లు కొనే మా మేనమామకి ఏ వస్తువునైనా అరచేతిలో ఎగరేసి, ఉఫ్‌మని ఊదే అలవాటు. నాకు గేమింగ్ పోటీకి తేలికైన వైర్‌లెస్ మౌస్ కావాలంటే రాయచూరు తీసుకెళ్ళాడు.

"గిదే అన్నిట్ల హల్కా సార్," అంటూ షాపాయన ఒళ్ళంతా చిల్లులున్న మౌస్ ఇచ్చాడు.

మావయ్య ఎగరేశాడు, ఊదాడు. "తాలు కోడలా! లోపల గింజే లేదు."

"తేలిగ్గా ఉంటేనే చెయ్యి చురుగ్గా కదులుతుంది మావయ్యా!"

"బరువు సంగతి నాకు చెబుతున్నావా?" అని ఇటుకలాంటి మౌస్ కొనిపెట్టాడు.

పోటీలో మొదటి ఆటలోనే ఓడిపోయాను. ఏడుపు ఆపుకుంటూ నిలబడ్డాను. చివరికి పోటీ గెలిచినమ్మాయి ఫొటోలు దిగుతుంటే మావయ్య వెళ్ళి కప్పు అడిగి తీసుకున్నాడు. అరచేతిలో ఎగరేశాడు, ఊదాడు, మర్యాదగా తిరిగిచ్చేశాడు.

వచ్చి నా చెవిలో అన్నాడు: "బెంగపడకు కోడలా. అదీ తాలే."