బెంగంటే భాంగ్ కాదు

మా పాప జడ సగం అల్లి చేతులు వదిలేసిన రోజున నాకేదో అయిందని తెలిసింది. బడికి వేళవుతోంది. రిబ్బను నా ఒళ్లోనే ఉంది. మూడు పాయల్లో ఏది దేని మీదికి రావాలో తోచలేదు.

"ఆపేసినావేటే అమ్మా?" అని పాప వెనక్కి తిరిగింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

మాది విజయనగరం వైపు. మా ఆయనకి ఇక్కడ భిలాయి ఉక్కు ప్లాంటులో, కోక్ ఓవెన్స్ దగ్గర పని. సెక్టారు క్వార్టర్లో నీళ్లు, కరెంటు అన్నీ ఉన్నాయి. నాకే నిద్ర లేదు, ఆకలి లేదు. "బెంగగా ఉందండీ" అన్నాను. "ఎవరి మీదే?" అన్నారాయన. "ఎవరి మీదా కాదు" అన్నాను. మా వైపు ఆ మాటకి అంతకన్నా అర్థం చెప్పక్కర్లేదు.

మొదట చూసిన డాక్టరు ఈసీజీ తీయించాడు, బ్లడ్ టెస్ట్ చేయించాడు. అన్నీ నార్మల్. "హిస్టీరియా. ఇంకో బిడ్డని కనండి, సర్దుకుంటుంది" అన్నాడు. ఆ మాట కూడా నాతో కాదు, మా ఆయనతో. పాప జడే అల్లలేని దాన్ని ఇంకో బిడ్డనేం పెంచుతాను? ఒళ్లు మండిపోయింది.

తర్వాత పక్కింటి దీదీ కుమ్హారి అనే ఊళ్లో ఒక భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. వాడు నా జుట్టు పట్టుకుని మొహం మిరపకాయల పొగలోకి వంచాడు. దీదీ మనసు మంచిదే. కానీ ఆ చెయ్యి తలుచుకుంటే నాకిప్పటికీ డోకొస్తుంది.

అక్కణ్ణించి పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. దుర్గ్‌లో 'నెర్వ్ స్పెషలిస్ట్' అని బోర్డు పెట్టుకున్నాయన దగ్గరికి వెళ్లాం. మా ఆయనది ప్లాంటులో నేర్చిన హిందీ.

"డాక్టర్ సాబ్, ఇస్‌కో బెంగ హై. బహుత్ బెంగ."

"భాంగ్?" డాక్టరు కళ్లజోడు తీశాడు. "కబ్ సే?"

"దీవాలీ సే, సాబ్."

"రోజ్?"

"రోజ్. సుబహ్ సే."

నేను తల వంచుకుని కూర్చున్నాను. నన్ను ఒక్క మాటైనా అడగలేదు. ఇంజెక్షన్లు రాశాడు. గది దాటనివ్వొద్దన్నాడు. అప్పటికీ మారకపోతే "రాంచీ భేజ్ దో" అన్నాడు. రాంచీ అంటే పిచ్చాసుపత్రి అని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. నన్నక్కడికి, పాపని మా అత్తగారి దగ్గరికి పంపేయాలని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. పాప నా చీర కుచ్చెళ్లు వదిలేది కాదు.

ఇంజెక్షన్ ఇచ్చే కాంపౌండరు ఒకనాడు ఇకిలిస్తూ, "దీదీ, భాంగ్ కీ పత్తీ కహాఁ సే లాతీ హో?" అన్నాడు. ఆకు ఎక్కణ్ణించి తెస్తున్నావని! హోలీకి ఇక్కడివాళ్లు నూరి తాగే ఆ భంగాకుని నేను ప్రతి పొద్దునా తాగుతున్నానట.

మా ఆయన మొహం పాలిపోయింది. "ఓలమ్మో, నానేటి సెప్పినాను, ఈడేటి ఇన్నాడు!" అని లోపలికి పరిగెత్తి డాక్టరుకి విడమరిచి చెప్పారు. డాక్టరు తలైనా ఎత్తలేదు. "నషా హో యా నఖ్రా, ఇంజెక్షన్ ఏక్ హీ హై" అన్నాడు. మత్తైనా వేషాలైనా సూది ఒకటేనట. తప్పు విన్నందుకు కాదు, సరిగ్గా విన్నాక కూడా అదే సూది అన్నందుకు నాకు ఏవగింపు. ఆ మెట్లు మళ్లీ ఎక్కలేదు.

ప్లాంటులో ఆయనతో పనిచేసే ఒకతను చెబితే రైలెక్కి నాగపూర్ వెళ్లాం. అక్కడ సైకియాట్రిస్ట్ మరాఠీ ఆవిడ. మా ఆయన నోరు తెరవగానే, "ఆప్ బాహర్ బైఠియే" అని ఆయన్ని బయట కూర్చోమంది. నాకు భయం వేసింది, నా హిందీ అంతంతమాత్రం. "బెంగ" అని మాత్రం అన్నాను.

"బెంగ... ఈ మాట మాకు లేదు. అది వస్తే నువ్వు ఏ పని చెయ్యలేవు?" అని హిందీలో నెమ్మదిగా అడిగింది.

నేను చేతులెత్తి గాలిలో జడ అల్లి, సగంలో వదిలేసి చూపించాను. అప్పుడొచ్చింది ఏడుపు. ఆవిడ నా ఏడుపు అయ్యేదాకా కూర్చుంది. తర్వాత, "డిప్రెషన్. మందుంది. కొన్ని వారాలకి గానీ పనిచెయ్యదు, నోరెండిపోతుంది. బాగుందని నీ అంతట నువ్వు ఆపకు" అంది.

బాగుందని ఆపేశాను. బెంగ మళ్లీ వచ్చింది. సిగ్గుపడుతూ వెళితే ఆవిడ తిట్టలేదు. "తిరిగొచ్చావు, అదే మంచిపని" అని మందు మళ్లీ మొదలుపెట్టింది.

ఇప్పుడు పాప జడ చివరిదాకా అల్లి రిబ్బను కడుతున్నాను. మొన్న దుర్గ్ బజారులో ఆ నెర్వ్ స్పెషలిస్టు ఎదురయ్యాడు. నన్ను చూసి, మా ఆయన భుజం తట్టి, "దేఖా? ఛూట్ గయీ న?" అన్నాడు. భాంగ్ అలవాటు వదిలింది కదా అని, తన సూది వల్లే బాగుపడ్డానన్నట్టు. "ముఝ్‌సే పూఛియే" అన్నాను. నన్నడగండి! అప్పుడూ మా ఆయన వైపే చూసి నవ్వాడు. ఛీ.

ఇలాంటి జబ్బుకి డాక్టరు దగ్గరికి వెళితే మీ బాధ మీరే చెప్పుకోండి. భాష రాకపోతే చేతులతో చూపించండి. మీ మాటకి అర్థమేమిటని మిమ్మల్నే అడిగే డాక్టరు దొరికేదాకా ఇంకో గుమ్మం ఎక్కడానికి సిగ్గుపడకండి. సిగ్గుపడాల్సినవాళ్లు వేరే ఉన్నారు.