మేక తరఫు వకీలు

నాకు అభిప్రాయాలు ఎక్కువ. తొంభైల నడిమిలో మరీ ఎక్కువ. ఇబ్రహీంపట్నంలో ఉద్యోగం, భవానీపురంలో కాపురం. పొద్దున్నే స్టాఫ్ బస్సు ఎక్కితే దిగేదాకా దేశాన్ని బాగుచేస్తూనే ఉండేవాణ్ణి. రిజర్వేషన్లు, సారా, దేవుడు, హీరోల కటౌట్లకి పాలాభిషేకాలు, దేనిమీదైనా నా దగ్గర ఒక తీర్పు సిద్ధంగా ఉండేది. ఎవరూ అడిగేవారు కాదు. అడక్కపోయినా చెప్పడమే ప్రజాసేవ అనుకునేవాణ్ణి.

ఆ బస్సులోనే ఒకరోజు మాంసం మీద చర్చ వచ్చింది. మా ఇళ్ళల్లో శనివారం తినరు, సోమవారం తినరు, కార్తీకమాసం అసలే తినరు. మిగతా రోజుల్లో మాత్రం కోడి కనిపిస్తే వదలరు.

"కోడికి వారాలు తెలుసా అండీ? చంపడం తప్పయితే ఆదివారం కూడా తప్పే కదా?" అన్నాను గొంతు పెంచి.

"అయితే మీరు మానేశారా సార్?" అన్నాడు వెనక సీటాయన.

బస్సంతా నావైపు తిరిగింది. అప్పటికి నేనేమీ మానెయ్యలేదు. కానీ అంతమంది చూస్తుంటే "మానేశాను" అనేశాను. అన్నాను కాబట్టి మానెయ్యాల్సి వచ్చింది. నా జీవితంలో గొప్ప నిర్ణయాలన్నీ దాదాపు ఇలాగే జరిగాయి.

ఇది భక్తి కాదు, నీతి అని అందరికీ తెలియాలని నా తాపత్రయం. ఎవరికీ తెలియలేదు. మా అమ్మ కళ్ళు తుడుచుకుని, "ఇన్నాళ్ళకి వీడికి దేవుడు కనిపించాడే" అని పామర్రులో ఉన్న మా పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పింది. ఎర్రజెండా పట్టుకుని తిరిగిన మా బాబాయి, "ఏ పార్టీలో చేరావురా?" అని అనుమానంగా అడిగాడు. మా ఆవిడ మాత్రం, "గుడ్డు సంగతేంటండీ?" అంది. గుడ్డు విషయం పరిశీలనలో ఉందన్నాను. "తొందరగా పరిశీలించండి, అట్టు మాడిపోతోంది" అంది.

ఈ పరిశీలన సాగుతుండగానే బక్రీద్ వచ్చింది.

మా వీధి చివరి ఇల్లు నా చిన్ననాటి స్నేహితుడిది. ఆటోనగర్లో వాళ్ళకి లేత్ షాపు ఉంది. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. వాళ్ళమ్మని అతనిలాగే నేనూ అమ్మీ అనే పిలిచేవాణ్ణి. ఏటా బక్రీద్‌కి మా వాటా మాంసం గిన్నెలో పెట్టి, పైన గుడ్డ కప్పి అతనే పట్టుకొచ్చేవాడు. గిన్నె మా ఆవిడకిచ్చి, చొక్కా తొడుక్కుని, అతని వెంటే వాళ్ళింటికి భోజనానికి పోవడం నాకు మామూలు.

ఆ ఏడు అవేవీ చెయ్యలేదు. గుమ్మంలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. మూగజీవి బాధ, మనిషి బాధ్యత, నాగరికత. బస్సులో చప్పట్లు పడిన మాటలన్నీ వరసపెట్టి వాడాను. "ఇకమీదట మా ఇంటికి పంపకండిరా. మీ ఇంటికొచ్చినా తినను" అని ముగించాను. అతను చేతిలో గిన్నెతో ఎండలో నిలబడి మొత్తం విన్నాడు. "సరేలే" అని గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు.

టీవీలో, టీ కొట్లో, బస్సులో, ఎక్కడ చూసినా మతం గురించే మాట్లాడుకుంటున్న రోజులవి. ఎవరి కొట్లో ఎవరు సరుకులు కొనాలో కూడా చెప్పేవాళ్ళు తయారయ్యారు. అలాంటి రోజుల్లో, ఏడాదిలో మరో రోజు దొరకనట్టు పండగ పూట వాళ్ళ గిన్నె వెనక్కి పంపితే, అవతలివాడికి వినపడేది నా నీతి కాదని నాకు తట్టనే లేదు. ఢిల్లీలో ఎవరి మనసులో ఏముందో చెప్పగలిగినవాణ్ణి మరి.

ఆ తర్వాత అతను మా ఇంటికి రావడం మానేశాడు. టీ కొట్టు దగ్గర ఎదురుపడితే "బాగున్నారా అండీ" అనేవాడు. వీపు మీద గుద్దకుండా నన్ను ఏనాడూ పలకరించనివాడు! నేనూ పౌరుషానికి పోయి "బాగున్నామండీ, మీరెలా ఉన్నారు?" అనేవాణ్ణి. మళ్ళీ రంజాన్ వచ్చేదాకా ఇద్దరం అలా గౌరవించుకుంటూనే ఉన్నాం. నిజం చెప్పాలంటే ఆ గౌరవం నాకు నరకంగా ఉండేది.

రంజాన్ పండగ పొద్దున వాళ్ళ షాపులో పనిచేసే ఆయన ఒక సంచీ తెచ్చిచ్చి వెళ్ళాడు. విప్పి చూస్తే వండని సేమ్యా, పంచదార, ఎండు ఖర్జూరాలు, జీడిపప్పు, పాల ప్యాకెట్లు. తమ చేతి వంట తినని ఇళ్ళకి వాళ్ళు ఎప్పటినుంచో అలాగే పచ్చి సరుకులు పంపుతారు. వండి పంపి ఇబ్బంది పెట్టకుండా, మీరే వండుకు తినండని. ఎంతో మర్యాదైన పద్ధతి. మా వీధిలో పూజారిగారింటికి అలాంటి సంచీని చిన్నప్పుడు నేనే మోసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి.

నాకు ఒళ్ళు మండిపోయింది. కులం లేదు మతం లేదని గొంతు చించుకునే నన్ను ఆ వరసలో కూర్చోబెడతారా? సంచీ మూతి మళ్ళీ ముడేసి పట్టుకుని, దారి పొడుగునా వాదన తయారు చేసుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను.

అమ్మీ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. సంచీ ఆమె పక్కన పెట్టాను.

"అమ్మీ, నేను మాంసం తిననన్నాను గానీ మీ చేతి వంట తిననన్లేదు. ఆ రెండూ వేరు."

"రెండూ వేరా బాబూ?" అంది, నిజంగానే తెలియనట్టు.

"వేరే అమ్మీ."

"అయితే కూర్చో. అన్నం తిను."

పళ్ళెంలో బగారా అన్నం పెట్టింది. పెద్ద గిన్నె దగ్గరికి లాక్కుని, దాల్చాలోని ఎముకల్ని, మాంసం ముక్కల్ని గరిటెతో ఓపిగ్గా పక్కకి తోసి, పప్పూ సొరకాయ ముక్కలూ మాత్రం ఏరి వడ్డించింది. "ఒక్క ముక్క పడలేదు, చూసుకో. నీకోసం ప్యూర్ వెజిటేరియన్" అంది.

మొదటి ముద్దకే తెలిసిపోయింది. ఆ పప్పు పొద్దుటినుంచీ మాంసంతో కలిసి ఉడికిన పప్పు. తలెత్తితే నా స్నేహితుడు తలుపుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. అతనికీ తెలుసు. సమస్య ముక్క కాదమ్మీ, సూత్రం అనే మాట నా గొంతుదాకా వచ్చింది. మంచి మాటే. ముద్దతో పాటు మింగేశాను. మింగడానికి పెద్దగా కష్టపడ్డానని కూడా చెప్పలేను. అంత రుచిగా ఉంది. ఈరోజుకీ నేను శాకాహారినే. ఆ వంటిల్లు లెక్కలోకి రాదు.

"ఎలా ఉంది?" అంది అమ్మీ.

"బాగుంది. ఇంకొంచెం వెయ్యండి."

తలుపు దగ్గర నవ్వు వినిపించింది. "మెల్లగా తినరా. ఎవరూ లాక్కోరు" అన్నాడు అతను. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారం ఎక్కువైందన్నాను.

తిన్నాక గేటుదాకా నాతో వచ్చాడు. నేను ఊరుకోలేక, "అది కాదురా, అసలు నా ఉద్దేశం..." అని మళ్ళీ మొదలుపెట్టబోయాను.

"తిను, మానుకో, నీ ఇష్టంరా. దాని గురించి నాకేం కోపం లేదు" అన్నాడు. కాసేపు గేటు గడియ అటూ ఇటూ లాగాడు. "ఆ సంచీ పంపమన్నది నేనే. సర్దుతూ అమ్మీ ఏడ్చింది. వీడు కూడా పరాయివాడైపోయాడా అని."

ఏడాదిగా మూగజీవి బాధ మీద అనర్గళంగా మాట్లాడుతున్నవాణ్ణి, నా ఉద్దేశం సంగతి ఆ గేటు దగ్గరే వదిలేశాను. వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళాను. సంచీ ఇంకా ఆమె పక్కనే ఉంది. మూతి ముడి కూడా విప్పలేదు.

"అమ్మీ, ఆ సేమ్యా మీరే వండండి" అన్నాను.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేను కూర్చుంటాను."