కీరదోసకు వంకెక్కడిది?

మా పిన్నిని చుట్టాలందరూ ‘ఎందుకట’ అని పిలుస్తారు. ఎవరేం చెప్పినా ఆవిడ నోట ముందొచ్చే మాట అదే. డాక్టరు నాలుక చాపమంటే, ఎందుకో చెప్పేదాకా చాపలేదట.

పిన్నీ బాబాయీ ఎకరం పొలం కౌలుకు తీసుకుని పందిళ్ల మీద కీరదోస పండిస్తారు. పట్నంలోని పెద్ద కూరగాయల దుకాణం వాళ్ల వ్యాను రోజు విడిచి రోజు వచ్చి కాయలు తీసుకెళ్తుంది. ఈ పంటకి మాత్రం దుకాణం గుమాస్తా సగం కాయలు తీసి పక్కన పడేశాడు.

“అక్కా, ఇంకో రెండు వారాలు చూస్తాను. ఇలాగే ఉంటే వ్యాను ఇటు రాదు” అన్నాడు.

వ్యాను రాకపోతే పందిళ్లు పీకేసి మళ్లీ ఇద్దరూ కూలికి పోవడమే.

“ధర తగ్గించడానికి వంకలు పెడుతున్నాడు” అని మండిపడ్డాడు బాబాయి. చుట్టుపక్కల రైతులదీ అదే మాట. వాళ్ల కాయలకూ అదే గతి పట్టింది మరి.

పిన్ని ఒక కాయని చేతిలోకి తీసుకుంది. అది కొడవలిలా తిరిగి ఉంది.

“వాడు వంక పెట్టడం కాదండీ, వంక కాయకే ఉంది. ఎందుకట?”

సెలవులకు వెళ్లిన నన్ను తెల్లవారకముందే లేపి పందిట్లో పీట వేసి కూర్చోబెట్టింది. ఎండ రాగానే పూలు విచ్చుకున్నాయి. తేనెటీగలు ఒకటీ అరా వచ్చాయి. ఏడింటికల్లా బాబాయి మందు పంపు వీపున తగిలించుకుని వచ్చాడు. ఆ తర్వాత ఒక్క ఈగ కనబడితే ఒట్టు. మూడు రోజులూ ఇదే తంతు.

మోటారుతో నడిచే మందు పంపు కొన్నాక, ఈ పంటతోనే, బాబాయి పొద్దున్నే కొట్టడం మొదలుపెట్టాడు. ఎండ ముదరకముందే పని అయిపోతుందని చుట్టుపక్కల వాళ్లందరికీ గొప్పగా నేర్పాడు కూడా.

“పువ్వు విచ్చుకునే వేళకే ఈగని తరిమేస్తున్నాం. పుప్పొడి సరిగ్గా అందక కాయ ఒక పక్కే ఎదుగుతోందేమో” అంది పిన్ని.

పరాగసంపర్కం పాఠం ఏటా పిల్లలకు చెప్పే సైన్సు టీచర్ని నేను. నాకు తట్టలేదు. సిగ్గేసింది.

“పొద్దున మందు వద్దండీ. సాయంత్రం పూలు ముడుచుకున్నాక కొడదాం” అందావిడ. పూలకంటే ముందు బాబాయి మూతి ముడుచుకుంది. అయినా చెప్పినట్టే చేశాడు. నాలుగో నాటికి పందిట్లో ఒకటే ఝుంకారం. ఏ ఈగ ఏ పువ్వు మీద వాలుతోందో చూస్తూ నేను టీ తాగడమే మర్చిపోయాను.

రెండు వారాలయ్యాక వ్యాను వచ్చి పందిళ్ల ముందు ఆగింది. గుమాస్తా కాయ కాయా తిప్పి చూశాడు. పది పెట్టెల్లోనూ కలిపి నాలుగు కాయలే పక్కన పెట్టాడు. ఎల్లుండి ఇంకో అయిదు పెట్టెలు ఎక్కువ కావాలన్నాడు.

అప్పటికే రైతులు పిన్నిని చుట్టుముట్టారు.

“ఏం మందు కొట్టావమ్మా? పేరు చెప్పు.”

పిన్ని నోరు విప్పలేదు. చెబితే నలుగురిలో బాబాయి తల వంచుకోవాలి.

బాబాయే ముందుకొచ్చాడు. “మందేం లేదు. పొద్దున్నే కొట్టమని మీ అందరికీ నేర్పింది నేనే కదా, తప్పు నాదే. ఇకమీదట పూలు ముడుచుకున్నాక కొట్టండి. కనిపెట్టింది మా ఆవిడ” అన్నాడు.

పిన్ని పెట్టెల వైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది.